మాల్టాకి తక్కువ ఖర్చుతో ఒక వారం: మొదటి ప్లాన్ నుంచి తిరుగు ప్రయాణం దాకా

మధ్యధరా సముద్రంలో దీవి అనగానే మనవాళ్ల మనసులోకి వచ్చేది గ్రీసులోని సాంటోరిని. తెల్లటి ఇళ్లు, నీలం గుమ్మటాలు. ఫొటోలు చూసి మేమూ అక్కడికే అనుకున్నాం. గది అద్దెలు చూశాక, ఒక దీవి నుంచి ఇంకో దీవికి ఫెర్రీ టికెట్లు కూడా కలిపాక ఆ ఆలోచన పక్కన పెట్టేశాం. నేను, మా ఆవిడ, అరవై ఆరేళ్ల మా అమ్మ, ముగ్గురం అక్టోబరులో మాల్టా వెళ్లి ఏడు రాత్రులు ఉండి వచ్చాం. ఆ ప్లాన్ ఎలా వేసుకున్నామో, మళ్లీ వెళ్తే ఏం మార్చుకుంటానో వరసగా చెబుతాను.

నేను నేర్చుకున్నది ముందే చెప్పేస్తాను. తక్కువ ఖర్చు ప్రయాణంలో డబ్బు మింగేది చోట్లు మారడమే. హోటల్ మారినప్పుడల్లా సగం రోజు పోతుంది, టాక్సీ పడుతుంది, ఆకలేసి కనబడిన హోటల్లో తినాల్సి వస్తుంది. కాబట్టి ఒకటే దీవి, ఒకటే గది, ఒకటే బస్సు కార్డు. మాల్టా ఈ పద్ధతికి సరిగ్గా సరిపోతుంది.

మాల్టాయే ఎందుకు

దేశం మొత్తం 316 చదరపు కిలోమీటర్లు. 2025 విస్తరణకి ముందున్న హైదరాబాదు నగరంలో సగం ఉంటుంది. పెద్ద దీవి ఈ చివరి నుంచి ఆ చివరికి 27 కిలోమీటర్లే. జనం ఉండే దీవులు మూడు: మాల్టా, గోజో, కొమీనో. 1964 దాకా బ్రిటిష్ వాళ్ల పాలనలో ఉంది కాబట్టి మాల్టీస్‌తో పాటు ఇంగ్లిష్ కూడా అధికార భాష. బోర్డులు, బస్సు డ్రైవర్లు, మందుల షాపు, అన్నీ ఇంగ్లిష్‌లో నడిచిపోతాయి. బళ్లు మనలాగే ఎడమవైపు నడుస్తాయి. యూరప్‌లో మొదటిసారి అడుగుపెట్టేవాళ్లకి, ముఖ్యంగా పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి, ఈ రెండు విషయాలే సగం టెన్షన్ తీసేస్తాయి.

మాల్టా 2004లో యూరోపియన్ యూనియన్‌లో చేరింది, 2007 చివర్లో షెంగెన్‌లోకి (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) వచ్చింది, 2008 నుంచి యూరో వాడుతోంది. అంటే మీకు కావాల్సింది షెంగెన్ వీసా.

ఒకటో అడుగు: నెల ఖాయం చేసుకోండి

టికెట్ల కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదే. జులై, ఆగస్టు వద్దు. ఎండ గట్టిగా ఉంటుంది, గది అద్దె ఆకాశాన్ని అంటుతుంది, బస్సులు కిక్కిరిసి స్టాపుల్లో ఆగకుండా వెళ్లిపోతాయి. పిల్లల వేసవి సెలవుల్లోనే వెళ్లాలంటే ఏప్రిల్ చివర, మే మొదట్లో చూసుకోండి. అప్పుడు దీవి పచ్చగా, పూలతో ఉంటుంది. నీళ్లు మాత్రం ఇంకా చల్లగానే ఉంటాయి.

దసరా సెలవులు అక్టోబరులో పడిన ఏడాది అయితే అంతకంటే మంచి సమయం లేదు. వేసవంతా కాగిన సముద్రం అప్పటికీ గోరువెచ్చగా ఉంటుంది, జనం పలచబడతారు, గది ధరలు దిగుతాయి. అక్టోబరు సగం దాటాక బస్సు టికెట్ కూడా తగ్గుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అన్నిటికంటే చవక. కానీ వానలు, గాలులు వస్తాయి, ఒక్కోసారి పడవలు ఆగిపోతాయి. కోటలు, గుళ్లు, మ్యూజియాలు చూడాలనుకునేవాళ్లకి ఆ నెలలూ బాగానే ఉంటాయి. సముద్రంలో దిగాలనుకుంటే వద్దు.

రెండో అడుగు: వీసా

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయవచ్చు. కనీసం 15 రోజుల ముందైనా పెట్టాలని నిబంధన, కానీ దాన్ని నమ్ముకోకండి. మామూలుగా 15 రోజుల్లో తేలాల్సిన అప్లికేషన్ 45 రోజులదాకా కూడా పట్టవచ్చని నిబంధనల్లోనే ఉంది. అపాయింట్‌మెంట్ దొరకడానికి పట్టే రోజులు వేరే. రెండున్నర, మూడు నెలల ముందు పని మొదలుపెడితే మనశ్శాంతిగా ఉంటుంది.

ఫీజు 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకి 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకి 45. ఆరేళ్లలోపు వాళ్లకి లేదు. దీని మీద వీసా సెంటర్ సర్వీసు ఛార్జీ పడుతుంది. అప్లికేషన్ తీసుకునేది సెంటర్ అయినా, ఇవ్వాలా వద్దా అని తేల్చేది ఆ దేశం అధికారులు. అందుకని సెంటర్ బయట "గ్యారంటీ వీసా" అని చెప్పేవాళ్లకి ఒక్క రూపాయి ఇవ్వకండి.

కాగితాల్లో మూడు చోట్ల జాగ్రత్త పడాలి.

మొదటిది పాస్‌పోర్ట్. గత పదేళ్లలోపు ఇచ్చినదై ఉండాలి, తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకా మూడు నెలలు చెల్లాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. మా అమ్మ పాస్‌పోర్ట్ తీసి చూస్తే గడువు రెండు నెలలే ఉంది. వీసా సంగతి తర్వాత, ముందు దాన్ని రెన్యువల్ చేయించాల్సి వచ్చింది. ఇంట్లో అందరివీ ఈ రోజే తీసి చూడండి.

రెండోది ఇన్సూరెన్స్. 30,000 యూరోలకు తగ్గకుండా కవరేజీ, షెంగెన్ దేశాలన్నిటికీ చెల్లేలా ఉండాలి. పెద్దవాళ్లకి ప్రీమియం ఎక్కువ పడుతుంది కానీ అక్కడ పొదుపు చేయవద్దు. బీపీ, షుగరు ఉన్నవాళ్లయితే పాత జబ్బుల గురించి పాలసీలో ఏం రాశారో చదవండి.

మూడోది బ్యాంకు స్టేట్‌మెంట్. మాకు తెలిసిన ఒకాయన అప్లై చేసే వారం ముందు బావమరిది దగ్గర ఐదు లక్షలు అకౌంట్లో వేయించుకున్నారు. వీసా రాలేదు. ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చూపించలేదని కారణం రాశారు. జీతం పడుతూ, ఖర్చులు పోతూ, మామూలుగా నడిచే అకౌంట్ చిన్నదైనా దానికే విలువ. నిజంగా ఎవరైనా డబ్బు ఇచ్చి ఉంటే దానికి కాగితం పెట్టండి.

ఇంకో మాట. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే అప్లై చేయాలి. మాల్టా వీసా తొందరగా వస్తుందని విని అక్కడ రెండు రాత్రులు చూపించి ఇటలీలో పది రోజులు తిరగడం నిబంధనకి విరుద్ధం. వీసా చేతికి రాకముందు డబ్బు వెనక్కి రాని టికెట్లు కొనకండి. రిజర్వేషన్ చూపిస్తే చాలు. హోటల్‌కి కూడా ఉచితంగా రద్దు చేసుకునే బుకింగే పెట్టండి. ఏజెంటు చేతిలో తయారైన దొంగ టికెట్ ప్రింటవుట్ మాత్రం అస్సలు పెట్టవద్దు. దానికన్నా ఖాళీగా ఉండటం నయం.

మూడో అడుగు: విమానం

హైదరాబాదు నుంచి మాల్టాకి నేరుగా విమానం లేదు. దుబాయ్, దోహా, ఇస్తాంబుల్ మీదుగా ఒకే టికెట్‌లో వెళ్లడం ఒక దారి. రోమ్ లాంటి పెద్ద ఊరికి టికెట్ తీసుకుని, అక్కడి నుంచి చవక విమానంలో మాల్టా చేరడం రెండోది. రెండో దారిలో టికెట్ ధర తక్కువ కనబడుతుంది. కానీ రెండూ వేర్వేరు టికెట్లు కాబట్టి మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే నష్టం మనదే. చవక విమానాల్లో ఊరికే తీసుకెళ్లనిచ్చేది సీటు కింద పట్టే చిన్న సంచి ఒక్కటే. ముగ్గురి పెట్టెలకి డబ్బు కట్టాక లెక్క వేస్తే మాకు మిగిలేది ఏడెనిమిది వందల రూపాయలు. ఒకే టికెట్ తీసుకున్నాం. ఒంటరిగా, వీపు సంచితో వెళ్లే కుర్రాళ్లకి రెండో దారి నిజంగా కలిసొస్తుంది. అప్పుడు మధ్యలో కనీసం అయిదారు గంటలు ఉంచుకోండి, ఆన్‌లైన్ చెకిన్ ఇంటి దగ్గరే చేసేయండి.

ఇప్పటికే ఇటలీ వెళ్తున్నవాళ్లకి ఇంకో దారి ఉంది. సిసిలీలో పొజాల్లో రేవు నుంచి మాల్టా రాజధాని వల్లెట్టాకి ఫెర్రీ ఉంది, రెండు గంటలు కూడా పట్టదు. సముద్రం రఫ్‌గా ఉంటే కడుపులో తిప్పుతుంది, అంతే.

నాలుగో అడుగు: గది ఎక్కడ

ఖర్చంతా ఇక్కడే తేలుతుంది. పర్యాటకులు ఎక్కువగా దిగేది స్లీమా, సెయింట్ జూలియన్స్ వైపు. అక్కడి నుంచి అన్ని వైపులా బస్సులున్నాయి, అద్దెలూ ఎక్కువే. సెయింట్ జూలియన్స్ పక్కనే పాచెవిల్లే అనే పేట ఉంది. రాత్రంతా పబ్బుల మోత. కుటుంబంతో వెళ్తే అక్కడ గది ఎంత చవకగా దొరికినా వద్దు.

మేము ఉత్తరాన సెయింట్ పాల్స్ బే దగ్గర బుజిబ్బాలో వంటగది ఉన్న చిన్న ఫ్లాట్ తీసుకున్నాం. రాత్రికి 65 యూరోలు, ముగ్గురికీ. సముద్రం ఐదు నిమిషాల నడక, బస్సు స్టాండు అంతకంటే దగ్గర. రాజధాని వల్లెట్టాకి గంట పడుతుంది, ట్రాఫిక్ ఉంటే ఇంకాస్త. గోజో ఫెర్రీకి మాత్రం స్లీమా కన్నా ఇక్కడి నుంచే దగ్గర. కోటలు, మ్యూజియాలే మీకు ముఖ్యమైతే వల్లెట్టాకి పడవలో వెళ్లగలిగే స్లీమా, గ్జీరా చూడండి. సముద్రం, గోజో ముఖ్యమైతే బుజిబ్బా.

బుక్ చేసేటప్పుడు రెండు అడగండి. లిఫ్ట్ ఉందా? పాత ఇళ్లలో మూడో అంతస్తుకి నిటారు మెట్లుంటాయి. హీటరు, ఏసీ వాడకానికి విడిగా డబ్బు తీసుకుంటారా? కొన్ని చోట్ల తీసుకుంటారు. మనిషికి, రాత్రికి పర్యావరణ పన్ను కూడా ఉంటుంది. అది చాలాసార్లు దిగిన చోటే కట్టించుకుంటారు.

ఐదో అడుగు: పెట్టెలో ఏం పెట్టుకోవాలి, ఏం పెట్టకూడదు

మనవాళ్లు తప్పు చేసేది ఇక్కడే, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లకూడదు. అంటే చికెన్ పచ్చడి, గోంగూర మటన్, ఎండబెట్టిన మాంసం కుదరవు. నెయ్యి, పాలకోవా కూడా కుదరవు. పచ్చి కరివేపాకు, మామిడిపండ్లు కూడా ఇంట్లోనే వదిలేయండి.

ఆవకాయ, కందిపొడి, కారప్పొడి, చింతపండు పులిహోర పేస్టు, అటుకులు తీసుకెళ్లవచ్చు. ఆవకాయ సీసా చేతి సంచిలో పెట్టకండి. నూనె ఉంది కాబట్టి సెక్యూరిటీ దగ్గర ద్రవ పదార్థం కింద లెక్కేసి తీసి పక్కన పెట్టేస్తారు. రెండు కవర్లలో చుట్టి పెద్ద పెట్టెలో వేయండి. అక్కడ బియ్యం, పప్పు, పెరుగు, కూరగాయలు సూపర్ మార్కెట్లో దొరుకుతాయి. చిన్న కుక్కర్ మోసుకెళ్లాల్సిన పని లేదు, గిన్నెలో గంజి వార్చుకుంటే సరిపోతుంది.

ప్లగ్గులు బ్రిటన్‌లోలా చదును పిన్నులు మూడు ఉండేవి. అడాప్టర్ ఇక్కడే కొనుక్కోండి. తీరం చాలాచోట్ల ఇసుక కాదు, సున్నపురాయి. ముళ్లలాంటి సముద్రపు జీవులు రాళ్ల సందుల్లో ఉంటాయి. నీళ్లలో వేసుకునే రబ్బరు చెప్పులు తప్పనిసరి.

డబ్బు విషయం. విదేశీ మారకం మీద అదనపు ఛార్జీ లేని కార్డు ఒకటి, ఇంకో బ్యాంకుది రెండోది, చేతిలో రెండు వందల యూరోలు. షాపులో గానీ ఏటీఎంలో గానీ "రూపాయల్లో తీసుకోమంటారా, యూరోల్లోనా" అని అడిగితే ఎప్పుడూ యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్ల ఇష్టం వచ్చిన రేటు పడుతుంది.

ఆరో అడుగు: బస్సు

విమానాశ్రయం నుంచి ఊళ్లలోకి బస్సులున్నాయి. ఎక్స్ 4 వల్లెట్టాకి, ఎక్స్ 2 స్లీమా వైపు, ఎక్స్ 3 బుజిబ్బాకి. టికెట్ వేసవిలో 2.50 యూరోలు, శీతాకాలంలో 2. రెండు గంటలదాకా బస్సులు మారవచ్చు. బ్యాంకు కార్డు మెషీన్‌కి ఆనిస్తే చాలు. వారం ఉంటే ఏడు రోజుల కార్డు తీసుకోండి. మాకు మనిషికి 25 యూరోలు పడింది, గోజోలో బస్సులకి కూడా అదే చెల్లింది. రోజుకి రెండు ప్రయాణాలే అయితే విడి టికెట్లతో అయిపోతుంది, కానీ కార్డు ఉంటే "ఒక్క స్టాపేగా, నడుద్దాం" అని అమ్మని ఎండలో నడిపించాల్సిన అవసరం రాదు. స్థానికులకి 2022 నుంచి బస్సు ఉచితం కాబట్టి బళ్లు నిండుగానే వస్తాయి.

రెండో రోజు పొద్దున స్టాపులో నిలబడ్డాం. మా నంబరు బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. ఇరవై నిమిషాలకి ఇంకోటి వచ్చింది, అదీ వెళ్లిపోయింది. పక్కన ఫుడ్ డెలివరీ సంచి భుజానికేసుకుని నిలబడ్డ కుర్రాడు మా మాటలు విని నవ్వాడు. "పెద్దమ్మా, చెయ్యి ఎత్తాలి. ఎత్తకపోతే ఇక్కడ బస్సు ఆగదు" అన్నాడు. ఖమ్మం అబ్బాయి. మూడో బస్సుకి మా అమ్మే చెయ్యి ఎత్తింది, ఊళ్లో ఆర్టీసీ బస్సుని ఆపినట్టు. ఆగింది. వారం మొత్తం ఆ పని ఆవిడే చేసింది. మాల్టాలో పనులు చేసుకుంటున్న మన దేశపు పిల్లలు చాలామందే ఉన్నారు. మలయాళం, హిందీ, పంజాబీ బస్సులో రోజూ వినబడతాయి, అప్పుడప్పుడు తెలుగు కూడా.

నిండిన బస్సు చెయ్యెత్తినా ఆగదు. అందుకే మధ్య స్టాపుల్లో కాకుండా బయల్దేరే స్టాండులో ఎక్కండి. వెళ్లే పని ఏదైనా పొద్దున ఎనిమిదిన్నర లోపు బయల్దేరండి.

ఊళ్ల పేర్లు చదవడం మొదట్లో కష్టం. మాల్టీస్ అరబ్బీ కుటుంబం భాష, కానీ ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తారు. ఎక్స్ అని కనబడితే "ష" అనుకోండి. మార్సాష్లోక్, ష్లెండీ అలాగే వస్తాయి. క్యూ అక్షరం గొంతులో ఆగిపోతుంది, దాదాపు వినబడదు. దేశంలో ఎక్కువమంది క్యాథలిక్కులే, చర్చిలో దేవుణ్ని పిలిచే మాట మాత్రం "అల్లా". ఆ భాష ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ఒక్క మాటలో తెలుస్తుంది.

ఏడో అడుగు: రోజులు పంచుకోవడం

ఇక్కడ నా పద్ధతి ఒకటే. రోజుకి డబ్బు కట్టి చూసేది ఒకటి, ఉచితంగా చూసేది ఒకటి.

వల్లెట్టాకి రెండు రోజులు ఇవ్వండి. 1565లో ఒట్టోమన్ సైన్యం నాలుగు నెలలు ముట్టడించి వెనుదిరిగాక, మరుసటి ఏడాదే ఈ ఊరికి పునాది వేశారు. అప్పుడు దీవిని ఏలిన క్రైస్తవ యోధుల సంఘం నైట్స్. వాళ్ల అధిపతి లా వాలెట్ పేరే ఊరికి పెట్టారు. ఊరు మొత్తం యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. సెయింట్ జాన్స్ కో-కెథడ్రల్ టికెట్ 15 యూరోల చుట్టూ ఉంటుంది, ఆదివారం పర్యాటకుల్ని లోపలికి రానివ్వరు, భుజాలు కప్పుకుని వెళ్లాలి. బయట నుంచి చూస్తే సాదా గోడలు. లోపల కాలు పెట్టాక కింద చూడండి. నేలంతా రంగురంగుల పాలరాతి సమాధి పలకలు, వాటి మీద అస్థిపంజరాలు, డాళ్లు, దేవదూతలు. పక్క గదిలో గోడంతా ఆక్రమించిన ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో చిత్రం ఉంది. 1608లో గీసిన సెయింట్ జాన్ శిరచ్ఛేదం. కింద నేల మీద కారిన ఎర్రటి నెత్తుటిలోనే ఆయన తన పేరు రాశాడు. ఆయన సంతకం చేసిన చిత్రం అదొక్కటే. నేను దాని ముందు ఇరవై నిమిషాలు కూర్చున్నాను. చిత్రంలో సగానికి పైగా ఖాళీ గోడే, ముఖ్యమైన మనుషులంతా ఎడమ పక్కకి నెట్టుకుపోయి ఉంటారు. ఆ ఖాళీ వల్లే ఆ చావు ఎంత నిశ్శబ్దంగా జరిగిందో తెలుస్తుంది. ఈ వారంలో ఒకే ఒక్క టికెట్ కొనగలం అంటే అది దీనికే కొనండి.

అప్పర్ బరాక్కా తోట ఉచితం. మధ్యాహ్నం 12కి, సాయంత్రం 4కి కింద వరసలో ఫిరంగి పేలుస్తారు, పై నుంచి చూడటానికి డబ్బు అక్కర్లేదు. తోట నుంచి రేవుకి ఎత్తైన లిఫ్ట్ ఉంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అది వరం. కింద నుంచి చిన్న ఫెర్రీ ఎక్కితే అవతల ఒడ్డున బిర్గు, సెంగ్లియా వస్తాయి. సన్నటి సందులు, చెక్క బాల్కనీలు, గుమ్మాల దగ్గర ఆరేసిన బట్టలు. వల్లెట్టా కంటే అక్కడ జనం తక్కువ, కాఫీ చవక.

ఒక రోజు పాత కోట ఊరు ఇమ్డీనా, దాని పక్కనే ఉన్న రబాత్. కోట గోడల లోపల తిరగడం ఉచితం. దారిలో మోస్టా ఊరి చర్చి దగ్గర దిగండి. 1942 ఏప్రిల్ 9న లోపల ప్రార్థన కోసం మూడు వందల మంది దాకా చేరి ఉండగా జర్మన్ బాంబు గుమ్మటాన్ని చీల్చుకుని లోపల పడింది. పేలలేదు. పైకి చూస్తే గుమ్మటం ఎంత పెద్దదో, ఆ రోజు ఏం తప్పిపోయిందో అర్థమవుతుంది.

ఇంకో రోజు దక్షిణాన హజార్ ఇమ్, ఇమ్నైద్రా రాతి గుళ్లు. ఈజిప్టు పిరమిడ్ల కంటే పాతవి. రెండిటికీ ఒకటే టికెట్, సుమారు 10 యూరోలు, వల్లెట్టా నుంచి 74 నంబరు బస్సు. నేల కింద తొలిచిన హాల్ సాఫ్లియేనీ చూడాలని ఉంటే విమానం టికెట్ కంటే ముందు దాని టికెట్ కొనాలి. రోజుకి 80 మందినే పంపుతారు, నెలల ముందే అయిపోతాయి. మాకు దొరకలేదు.

ఆదివారం మార్సాష్లోక్ చేపల సంతకి పొద్దున్నే వెళ్లండి. పసుపు, నీలం, ఎరుపు రంగుల పడవలు, ముక్కు దగ్గర రెండు పక్కలా గీసిన కళ్లు. దిష్టి తగలకుండా. మా అమ్మకి ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది.

గోజోకి ఒక రోజంతా

చిర్కెవ్వా రేవు నుంచి ఫెర్రీ 25 నిమిషాలు. వెళ్లేటప్పుడు టికెట్ అడగరు. తిరిగొచ్చేటప్పుడు తీసుకుంటారు, 4.65 యూరోలు, రానూపోనూ కలిపి. వల్లెట్టా నుంచి నేరుగా వేగంగా వెళ్లే పడవ కూడా ఉంది, దానికి ధర ఎక్కువ.

అవతల దిగగానే ట్యాక్సీ వాళ్లు, టూర్ వాళ్లు చుట్టుముడతారు. మర్యాదగా వద్దని చెప్పి బస్సు స్టాపుకి నడవండి. గోజో బస్సు నంబర్లన్నీ 3తో మొదలవుతాయి. 301 గోజో ముఖ్య పట్టణం విక్టోరియాకి వెళ్తుంది, అక్కడి నుంచే అన్నీ. ఆ ఊరి కోట ఎక్కి నాలుగు వైపులా చూడండి. తర్వాత షారా ఊరి జ్గాంతియా గుళ్లు గానీ, ష్లెండీ తీరం గానీ, ఒక్కటే పెట్టుకోండి. బస్సులు గంటకొకటి కాబట్టి మూడు చోట్లు అనుకుంటే స్టాపుల్లోనే పొద్దు గడిచిపోతుంది. పాత ఫొటోల్లో కనబడే అజూర్ విండో రాతి తోరణం కోసం మాత్రం వెళ్లకండి, 2017 మార్చిలో తుఫానుకి కూలిపోయింది.

కొమీనో దగ్గర బ్లూ లగూన్‌కి ఒక పూట చాలు. జనం మరీ ఎక్కువైపోయి 2025 నుంచి సీజన్లో ముందుగా ఆన్‌లైన్‌లో ఉచిత స్లాట్ తీసుకోవాలని పెట్టారు. దాన్ని ఏ రోజుకీ గట్టిగా కట్టేయకండి. గాలి చూసుకుని, ప్రశాంతంగా ఉన్న పొద్దునకి తీసుకోండి. తినడానికి ఇంటి నుంచి పట్టుకెళ్లండి, అక్కడి ధరలు పర్యాటకుల కోసం పెట్టినవి. ఇసుక తీరమే కావాలంటే మెల్లీహా బే, గోల్డెన్ బే రెండూ బస్సులో చేరగలిగేవే, ఉచితం.

తిండి

మాల్టాని తక్కువ ఖర్చుతో తిరగనిచ్చేది పస్తిత్సీ. మన కర్రీ పఫ్‌కి దగ్గరి చుట్టం. పొరలు పొరలుగా విడిపోయే పిండిలో రికోత్తా జున్ను గానీ, మెత్తగా ఉడికించిన బఠాణీ గానీ పెట్టి కాలుస్తారు. ఒకటి యూరో లోపే. రబాత్‌లో కోట గుమ్మానికి ఎదురుగా ఉన్న చిన్న కొట్టులో పొయ్యి నుంచి తీసిన బఠాణీవి కాగితంలో చుట్టి ఇచ్చారు. వేళ్లు కాలుతుంటే మార్చి మార్చి పట్టుకుని తిన్నాం. కొరికితే పైపొర గలగలమని రాలింది, లోపల మిరియం ఘాటు తగిలింది. రెండు తింటే మధ్యాహ్నం దాకా ఆకలి ఉండదు. పూర్తి శాకాహారులు ఒక్క మాట అడగండి, పిండిలో కొన్ని చోట్ల పంది కొవ్వు వాడతారు. ఖర్జూరం పెట్టి నూనెలో వేయించే ఇమ్‌అరెత్ కూడా వదలకండి, కజ్జికాయలు ఇష్టమైనవాళ్లకి వెంటనే నచ్చుతుంది. అక్కడి రొట్టె మీద టమాటా రుద్ది, ఆలివ్ నూనె పోసి చేసే సాండ్‌విచ్‌లో ట్యూనా చేప ఉంటుంది, వద్దంటే తీసేసి ఇస్తారు.

మా పద్ధతి ఇది. పొద్దున ఇంట్లో టీ, రొట్టె. మధ్యాహ్నం పస్తిత్సీ లాంటిది ఏదైనా. రాత్రి అన్నం, పప్పు, ఆవకాయ. వారంలో రెండుసార్లు మాత్రం హోటల్లో కూర్చుని తిన్నాం.

దీవిలో నది లేదు. కుళాయి నీళ్లు ఎక్కువ భాగం సముద్రపు నీటిని శుద్ధి చేసినవే. తాగవచ్చు, రుచి మాత్రం బాగుండదు. అందుకని అందరూ సీసాలు కొంటారు. సీసా మీద 10 సెంట్లు అదనంగా వసూలు చేస్తారు. ఖాళీ సీసా నలపకుండా సూపర్ మార్కెట్ దగ్గరి మెషీన్‌లో వేస్తే ఆ 10 సెంట్లు తిరిగొస్తాయి. పారేయకండి.

లెక్క

యూరో 105 రూపాయలు అనుకుని, ముగ్గురు ఒక గదిలో ఉన్నందుకు మనిషికి పడింది ఇది. మీరు బయల్దేరే నాటి రేటుతో సరిచూసుకోండి.

విమానం 58,000. వీసా, సర్వీసు ఛార్జీ కలిపి 11,500. ఇన్సూరెన్స్ 1,500 (అమ్మకి ఇంకొంచెం ఎక్కువ). గది వాటా 152 యూరోలు. బస్సు కార్డు 25, గోజో ఫెర్రీ 5, చూసిన చోట్ల టికెట్లు 35, కొమీనో పడవ 15, తిండి రోజుకి 15 చొప్పున 105, చిల్లర ఖర్చులు 25. అక్కడి ఖర్చంతా కలిపి 362 యూరోలు, అంటే 38,000 రూపాయలు. మొత్తం మనిషికి లక్షా తొమ్మిది వేలు.

ఇందులో ఇంకా తగ్గించాలంటే చూడాల్సింది విమానమే. తేదీలు రెండు మూడు రోజులు అటూ ఇటూ జరిపితే ఏడెనిమిది వేలు తేడా వస్తుంది. తిండిలో, టికెట్లలో నొక్కితే మిగిలేది నాలుగు వేలు, పోయేది ప్రయాణం రుచి. ఇద్దరే వెళ్తే గది వాటా పెరుగుతుంది. ఒంటరిగా అయితే హాస్టల్లో మంచం చూసుకోండి.

లెక్కకి బయట మనిషికి ఓ 100 యూరోలు ముట్టకుండా పక్కన పెట్టుకోండి. పడవలు రద్దయిన రోజు, కాలు బెణికిన రోజు పనికొస్తాయి. అత్యవసర నంబరు 112.

చివరి రోజు

తెల్లవారుజామున విమానం ఉంటే బస్సుని నమ్ముకోకండి. బోల్ట్ లాంటి యాప్‌లో ముందు రాత్రే క్యాబ్ చెప్పుకోండి, ఆ ఖర్చు మొదటే లెక్కలో రాసుకోండి. మాది మధ్యాహ్నం విమానం కాబట్టి పెట్టెలతో స్టాండుకి నడిచాం. దారిలో వారం సీసాలు మెషీన్‌లో వేస్తే రెండు యూరోల నలభై సెంట్ల చీటీ వచ్చింది. దాంతో దారికి మూడు పస్తిత్సీలు కొన్నాం. ఎక్స్ 3 వచ్చే వేళకి మా అమ్మ పెట్టె నాకు అప్పగించి, ముందుకెళ్లి చెయ్యి ఎత్తి నిలబడింది.